టరాంటులా పెట్టెకు వెచ్చదనం: ఎంత, ఎక్కడి నుంచి



ఒంట్లో వేడిని తనంతట తాను పుట్టించుకోలేని జీవిని మనిషి తెచ్చి పెట్టెలో ఉంచిన నాటి నుంచి, ఆ జీవికి ఎండా నీడా చలీ అన్నీ ఆ మనిషి చేతిలోకి వస్తాయి. పాములు, తొండలు, కప్పలు, సాలీళ్లు ఈ కోవకు చెందినవి. వీటిని శాస్త్ర గ్రంథాలు శీతలరక్త జీవులు అంటాయి, అనగా చుట్టూ ఉన్న ఉష్ణోగ్రత పెరిగితే వీటి దేహ ఉష్ణోగ్రత పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. నేటి ప్రసంగం వీటిలో టరాంటులాలనే పెద్ద సాలీళ్లకు, అనగా ఒళ్లంతా నూగు కప్పుకొని, అరచేతి వెడల్పున కాళ్లు చాచగల సాలీళ్లకు పరిమితం. ఐరోపా, అమెరికా దేశాలలో వీటిని గాజు పెట్టెలలో పెంచడం దశాబ్దాలుగా సాగుతున్న అలవాటు. ఆ అలవాటు భారతదేశంలోని నగరాలకు కూడా చేరడంతో, చలిదేశాల గదులను దృష్టిలో ఉంచుకొని రాసిన సూచనలు, తయారు చేసిన పరికరాలు కృష్ణా తీరపు ఇళ్లలోకి వస్తున్నాయి. జనవరి మాసపు లండన్ గదికి సరిపోయే సలహాను రోహిణి కార్తెలో విజయవాడ మేడగదిలో పాటిస్తే ఆ సాలీడు బతకదు. అందువల్ల వెచ్చదనం ఎలా ఇవ్వాలన్న ప్రశ్న కంటే ముందు, అది అవసరమా, ఎంత అవసరం, ఎటువైపు నుంచి ఇవ్వాలి అన్న విచారణ జరగవలసి ఉంది.

ఈ విచారణకు ఆంధ్రదేశంలోనే ఒక గొప్ప ఆధారం ఉంది. ప్రపంచమంతటా టరాంటులా పెంపకందారులు అపురూపంగా చూసుకునే నీలిరంగు సాలీడు ఈ నేలకు చెందినదే. దాని శాస్త్రీయ నామం పొయెసిలోథేరియా మెటాలికా, లోహపు మెరుపు కలదని రెండవ పదానికి భావం. 1899లో రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ అనే బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త గుత్తిలో దొరికిన ఒకే ఒక నమూనాను ఆధారం చేసుకొని ఈ జాతిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. అందువల్ల ఇది నేటికీ ప్రపంచమంతటా గుత్తి పేరుతోనే వ్యవహారంలో ఉంది. అయితే ఆ నమూనా దొరికింది అడవిలో కాదు, గుత్తి రైల్వే కలప నిల్వచేసే చోట. ఆ తరువాత వంద సంవత్సరాల పాటు శాస్త్రవేత్తల కంట పడని ఈ సాలీడు, 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్యనున్న అడవిలో మళ్లీ కనిపించడంతో, గుత్తికి అది దుంగలతో పాటు రైలులో ప్రయాణించి చేరి ఉంటుందన్న అభిప్రాయం బలపడింది. విజయవాడ నుంచి గుంటూరు, నరసరావుపేట, కంభం మీదుగా గుంతకల్లు వెళ్లే రైలు గిద్దలూరు దాటి దిగువమెట్ట, గాజులపల్లె స్టేషన్ల మధ్య నల్లమలను చీల్చుకొని పోతుంది. ఆ కిటికీలలోంచి కనిపించే అడవే ఈ జీవికి పుట్టిల్లు. దాని నివాస విస్తీర్ణం 100 చదరపు కిలోమీటర్ల లోపే కావడం, ఆ కొద్దిపాటి అడవి కూడా కలప కోసం, వంటచెరకు కోసం పలచబడటం కారణంగా, ప్రకృతి సంరక్షణకై పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2008లో దీనిని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల వరుసలో చేర్చింది.

నల్లమలలో వేసవి పగటి ఎండ 40 డిగ్రీల సెల్సియస్‌ను దాటడం సర్వసాధారణం. అటువంటి అడవిలో పుట్టిన జీవికి వేడి బాగా సరిపడుతుందని అనుకోవడం సహజమే కాని, ఆ ఊహ సరికాదు. ఈ సాలీడు పెద్ద చెట్ల మానులలోని తొర్రలలో, లేచిన బెరడు సందులలో పగలంతా దాగి, చీకటి పడ్డాకనే వేటకు బయటికి వస్తుంది. మందమైన మాను గోడ బయటి వేడిని వెంటనే లోపలికి రానివ్వదు. లోపలి తేమను వెంటనే బయటికి పోనివ్వదు. కొమ్మ చివరి ఆకు మాడిపోయే మధ్యాహ్నవేళ కూడా తొర్ర అడుగున చల్లదనం మిగిలి ఉంటుంది. ఏ ఊరి వాతావరణ కేంద్రమైనా ప్రకటించే ఉష్ణోగ్రత బహిరంగ ప్రదేశపు గాలికి సంబంధించినదే తప్ప, సాలీడు నివసించే చోటుకు సంబంధించినది కాదు. ఇటువంటి చిన్న చోటు వాతావరణాన్ని సూక్ష్మ వాతావరణం అంటారు. జంతువు జీవించేది ఊరి వాతావరణంలో కాదు, ఈ సూక్ష్మ వాతావరణంలో. పెంపకందారుడు తన పెట్టెలో పునర్నిర్మించవలసినది నల్లమల ఎండను కాదు, నల్లమల తొర్రను.

అధిక వేడి టరాంటులాకు ఎందుకు అపాయకరమో తెలియాలంటే దాని దేహనిర్మాణాన్ని కొంత పరిశీలించాలి. ఈ సాలీడు ఉదరం అడుగున పుస్తకం పుటల వలె పొరలు పొరలుగా అమరిన శ్వాసావయవాలు ఉంటాయి. వీటిని పుస్తకాకార ఊపిరితిత్తులు అంటారు. గాలి ఆ పొరల మధ్య ఆడినప్పుడు ప్రాణవాయువు లోపలికి చేరుతుంది, దానితో పాటు తేమ బయటికి పోతుంది. వేడి పెరిగిన కొద్దీ జీవక్రియ వేగం పెరుగుతుంది. శీతలరక్త జీవులలో సాధారణంగా ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు ఆ వేగం సుమారు రెండు రెట్లవుతుంది. జీవక్రియ పెరిగితే శ్వాస అవసరం పెరుగుతుంది, శ్వాస పెరిగితే నీటి నష్టం పెరుగుతుంది. ఈ నీటి నష్టం టరాంటులాకు దాహంతో ఆగిపోయేది కాదు. దాని కాళ్లలోని రెండు ప్రధాన కీళ్ల దగ్గర కాలును ముడిచే కండరాలు ఉన్నాయి గాని, చాచే కండరాలు లేవు. రక్తం వంటి హీమోలింఫ్ అనే ద్రవాన్ని ఒత్తిడితో కాళ్లలోకి పంపడం ద్వారానే అది కాళ్లు చాస్తుంది. ఒంట్లో నీరు తగ్గితే ఆ ఒత్తిడి పడిపోతుంది. కాళ్లు ఒక్కొక్కటిగా దేహం కిందికి ముడుచుకుపోతాయి. చివరకు ఆ జీవి ఎదుటనే నీళ్ల పళ్లెం ఉన్నా దాని దాకా నడిచి వెళ్లలేదు. కాళ్లు అడుగున ముడుచుకొని కదలకుండా ఉన్న టరాంటులా కనబడితే అది చలికి ముడుచుకుందని భావించి వేడి పెంచడం చాలామంది చేసే పొరపాటు. నిజానికి అది ప్రధానంగా నీటి కొరతకు చిహ్నం. దాని నోరు నీటికి తగిలేలా, ఉదరం పొడిగా ఉండేలా, తక్కువ లోతు పళ్లెం అంచున నెమ్మదిగా చేర్చడం అప్పుడు చేయవలసిన మొదటి పని.

దీనికి పూర్తిగా భిన్నమైన మరొక దృశ్యం ఉంది. టరాంటులా తన పాత చర్మాన్ని విడిచేటప్పుడు, అనగా కుబుసం విడిచేటప్పుడు, వెల్లకిలా పడుకొని, కాళ్లు పైకి చాచి, కొన్ని గంటల పాటు కదలకుండా ఉంటుంది. కొత్త చర్మం అప్పటికి మెత్తగా ఉంటుంది. గాలి పొడిబారితే పాత చర్మం కాళ్లకు అంటుకుపోయి ఊడిరాదు. తెలియనివారు దానిని చనిపోయిందని భావించి పారవేయడమో, ప్రాణం నిలపాలని దీపం దగ్గరికి జరపడమో జరుగుతుంది. రెండూ దానికి చేటే. వెల్లకిలా ఉన్న సాలీడును ముట్టుకోకుండా, వేడిని పెంచకుండా, నీళ్ల పళ్లెం నిండుగా ఉంచి వదిలివేయడమే సరైన సంరక్షణ.

ఇంతకూ టరాంటులాకు కావలసిన వెచ్చదనం ఎంత? ఉష్ణమండలపు జాతులలో అత్యధికం 22 నుంచి 28 డిగ్రీల మధ్య హాయిగా తిని, తిరిగి, పెరుగుతాయి. సాధారణంగా మనిషి కంబళి కప్పుకోకుండా, ఫ్యాను వేసుకోకుండా ఉండగల గది వాటికీ సరిపోతుంది. కొంత చల్లబడితే సాలీడు ఆకలి తగ్గించుకొని మందకొడిగా ఉంటుంది. మళ్లీ వెచ్చబడగానే కోలుకుంటుంది. మితిమీరిన వేడిలో అటువంటి వెసులుబాటు లేదు; మూసిన పెట్టెలో 35 డిగ్రీలు దాటిన వేడి కొనసాగితే ప్రాణాపాయం మొదలైనట్లే. చల్లదనం తప్పు దిద్దుకోవడానికి సమయం ఇస్తుంది, వేడి ఇవ్వదు. వేడి పెంచితే పిల్లలు త్వరగా ఎదుగుతాయన్న మాట నిజమే అయినా, ఆ ఎదుగుదల ఆయుష్షు నుంచి తీసుకున్న అప్పు వంటిది. ఎన్నో జాతులలో ఆడ సాలీడు పదేళ్లకు పైగా జీవించగలిగినప్పుడు, దానిని తొందరపెట్టి పెంచవలసిన అగత్యం ఎవరికీ లేదు.

వేడి అవసరమైన చోట దానిని అందించే పద్ధతులు పలు రకాలు. చలిదేశాలలో ఎక్కువ పెట్టెలు ఉన్నవారు ఒక్కో పెట్టెకు వేడి ఇవ్వడానికి బదులు మొత్తం గదినే హీటరుతో వెచ్చగా ఉంచుతారు. ఇది అన్నింటిలోకి క్షేమకరమైన పద్ధతి, ఎందుకంటే ఏ ఒక్క ఉపరితలమూ సాలీడు దేహాన్ని కాల్చేంత వేడెక్కదు. రెండవది హీట్ మ్యాట్, అనగా లోపల విద్యుత్ తీగలు పరచిన పలుచని చాప వంటి పలక. దీనిని పెట్టె అడుగున పరచడం వాడుకలో ఉన్న అతి ప్రమాదకరమైన పద్ధతి. నేలలో బొరియ తవ్వుకొని జీవించే జాతులు వేడి ఎక్కువైనప్పుడు మరింత లోతుకు తవ్వుతాయి. ప్రకృతిలో లోతుకు పోయిన కొద్దీ మట్టి చల్లబడుతుంది కనుక తరతరాలుగా వాటి ఒంటికి అబ్బిన స్వభావం అది. అడుగున మ్యాట్ ఉన్న పెట్టెలో లోతుకు పోయిన కొద్దీ మట్టి వేడెక్కుతుంది. చల్లదనం కోసం తవ్విన సాలీడు నేరుగా వేడి పలక మీదికి చేరి, ఇంకా లోతుకు పోవాలని ప్రయత్నిస్తూ అక్కడే ఎండిపోతుంది. దానిని కాపాడవలసిన స్వభావమే దానిని చంపుతుంది. అందువల్ల మ్యాట్ వాడక తప్పనప్పుడు దానిని పెట్టె బయట, ఒక పక్క గోడకు, మట్టి మట్టానికి పైభాగంలో మాత్రమే, పెట్టెలో మూడో వంతుకు మించకుండా అమర్చాలి.

మూడవది బల్బు. పై నుంచి పడే వేడి మట్టి పైపొరను, గాలిని త్వరగా ఎండబెడుతుంది. పైగా టరాంటులా నిశాచరి, కనురెప్పలు లేనిది, నిరంతరం వెలిగే దీపం కింద అది దాగి కూర్చోవడమే తప్ప తిరుగాడదు. నాలుగవది లోపల విద్యుత్ తీగ ఉన్న కృత్రిమ వేడి రాయి. టరాంటులా పెట్టెలో దీనికి చోటే లేదు. ఏ పరికరమైనా థర్మోస్టాట్ లేకుండా వాడకూడదు. థర్మోస్టాట్ అనగా నిర్ణయించిన ఉష్ణోగ్రత రాగానే విద్యుత్తును ఆపి, తగ్గగానే మళ్లీ ఇచ్చే సాధనం. దాని తీగ చివర ఉండే చిన్న గుండు, అనగా సెన్సార్, ఎక్కడ ఉంటే అక్కడి వేడిని మాత్రమే అది కొలుస్తుంది. సెన్సారును పెట్టెలో చల్లని మూలన ఉంచితే, ఆ మూల వెచ్చబడే దాకా మ్యాట్ ఆగదు. ఆ లోగా మ్యాట్ ఆనుకొన్న గాజు 40 డిగ్రీలను దాటిపోగలదు. సెన్సారును మ్యాట్ తగిలే గోడ మీదనే బిగించి, సాలీడు ఉండే చోట విడిగా ఒక డిజిటల్ థర్మామీటరు ఉంచి, సాలీడును పెట్టెలో విడిచే ముందు ఒక పగలు, ఒక రాత్రి ఖాళీ పెట్టెను నడిపి రెండు అంకెలనూ పోల్చి చూడటం కనీస బాధ్యత.

ఇల్లు క్షేమంగా ఉండాలన్న సంగతి కూడా ఇందులో ఇమిడి ఉంది. మ్యాట్ మడత పడితే లోపలి తీగ ఒకచోట అతిగా వేడెక్కి నిప్పు అంటుకోవచ్చు. దాని మీద బట్ట గాని అట్ట గాని కప్పితే వేడి బయటికి పోక అదే ప్రమాదం వస్తుంది. తేమ చల్లే పెట్టె దగ్గర విద్యుత్ తీగ ఉన్నప్పుడు, ప్లగ్ కంటే కిందికి ఒక వంపు వేలాడేలా తీగను అమర్చితే జారిన నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, ప్లగ్‌లోకి చేరదు. ఎర్తింగ్ ఉన్న సాకెట్టు, విద్యుత్ లీకైన వెంటనే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లోనే ఇటువంటి పరికరాలు వాడటం సముచితం.

పరికరం ఏదైనా మూల సూత్రం ఒక్కటే: పెట్టె అంతటా ఒకే వేడి ఉండకూడదు. ఒక కొస వెచ్చగా, మరో కొస చల్లగా, మధ్యలో క్రమంగా తగ్గుతూ ఉండే ఈ ఏర్పాటును తాప ప్రవణత అంటారు. కృష్ణా, ఏలూరు జిల్లాల రైతులకు ఈ సూత్రం కొత్త కాదు. హనుమాన్ జంక్షన్, నూజివీడు ప్రాంతాల కోళ్ల ఫారాలలో ఒక్కరోజు పిల్లలను ఊక పరచిన నేల మీద, గుండ్రని తడిక లోపల వదిలి, నడుమ బ్రూడరు వేలాడదీస్తారు. బ్రూడరు అనగా తల్లికోడి రెక్కల వెచ్చదనానికి బదులుగా బల్బులతో వేడి ఇచ్చే గొడుగు. మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్, అనగా 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలుపెట్టి, వారానికి 5 ఫారెన్‌హీట్ డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ వస్తారు. అనుభవం ఉన్న రైతు థర్మామీటరు కంటే ముందు పిల్లలను చూస్తాడు: అవి బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కితే వేడి చాలలేదని, తడిక అంచుకు చేరి నోరు తెరిస్తే వేడి ఎక్కువైందని, అంతటా సమంగా పరుచుకొని గింజ ఏరుకుంటుంటే సరిపోయిందని గ్రహిస్తాడు. తడిక లోపల చల్లని అంచు ఉన్నందువల్లనే పిల్లలు తమ అవసరాన్ని చెప్పగలుగుతున్నాయి. కోడిపిల్ల అరుస్తుంది, సాలీడు అరవదు. అది చెప్పగలిగినదంతా తాను ఎంచుకున్న చోటు ద్వారానే చెబుతుంది. ఎంచుకోవడానికి రెండో చోటు లేని పెట్టెలో దాని బాధ ఎవరికీ తెలియదు.

ఈ సూత్రాన్ని కృష్ణా డెల్టా రుతువులకు అన్వయిస్తే స్పష్టమైన నిర్ణయం వెలువడుతుంది. విజయవాడలో డిసెంబరు, జనవరి రాత్రులు బయట సాధారణంగా 18, 20 డిగ్రీల దగ్గర ఉంటాయి. పగటి ఎండను పీల్చుకున్న కాంక్రీటు ఇంటి లోపల అంతకంటే వెచ్చగానే ఉంటుంది. ఆ కొద్దివారాలు పెట్టెను కిటికీకి, వెలుపలి గోడకు దూరంగా, లోపలి అలమరలో పెడితే చాలు. విద్యుత్ హీటరు అవసరం పెద్ద సాలీళ్లకు దాదాపు ఉండదు. అసలు పరీక్ష ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఉంటుంది. ఇంద్రకీలాద్రి వంటి కొండల రాళ్లు పగలంతా కాగి రాత్రి కూడా వేడిని వదిలే ఈ నగరంలో, వడగాడ్పుల రోజుల్లో ఉష్ణోగ్రత 45 డిగ్రీల దాకా చేరుతుంది. అప్పుడు పై అంతస్తు గదిలోని పెట్టెను కింది అంతస్తుకు, నేల మట్టానికి దింపాలి. అటక మీద, ఫ్రిజ్ వెనుక, టీవీ పక్కన ఉంచకూడదు. నీటి పళ్లెం ఎప్పుడూ నిండుగా ఉండాలి. పెట్టె చుట్టూ, లోపల కాకుండా బయట, తడి గోనెసంచి వేలాడదీస్తే నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని తీసుకుపోతుంది. కరెంటు పోయినా పనిచేసే ఉపాయం ఇది. ఏసీ గాలి నేరుగా పెట్టె మీదికి కొడితే తేమ హరించుకుపోతుంది కనుక గది చల్లబడటమే చాలు.

అన్నింటికంటే వేగంగా ప్రాణం తీసేది ఎండ తగిలిన గాజు. సూర్యకాంతి గాజు గుండా లోపలికి వచ్చి వేడిగా మారుతుంది. మూసిన పెట్టెలో గాలి కదలనందువల్ల ఆ వేడి బయటికి పోదు. తూర్పు కిటికీలోంచి ఉదయం కాసేపు పడే ఎండ అయినా, ఆపి ఉంచిన కారులో కొద్దిసేపు వదిలిన పెట్టె అయినా ఫలితం ఒకటే. ఇక ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కాలువ గట్ల ఊళ్లలో గాలిలోనే తేమ నిండి ఉన్నప్పుడు, పుస్తకాలలో ఉన్నదని పెట్టెలో మళ్లీ నీరు చల్లి మూత బిగిస్తే బూజు పడుతుంది. ఎదురెదురు గోడలకు చిన్న రంధ్రాలు ఉండి గాలి అడ్డంగా ప్రసరించడం అప్పుడు ఎక్కువ ముఖ్యం.

సంరక్షణ గురించి ఇంత చెప్పుకున్నాక చట్టం గురించి చెప్పకపోతే విషయం అసంపూర్ణం. 2019లో జెనీవాలో జరిగిన సమావేశంలో, అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒడంబడిక, పొయెసిలోథేరియా ప్రజాతి మొత్తాన్ని, అనగా భారత, శ్రీలంకలలోని ఈ వృక్షవాసి సాలీళ్లన్నింటినీ, తన రెండవ అనుబంధంలో చేర్చింది. భారతదేశం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఆ సవరణ సైటిస్ జాబితాలోని జీవులను సొంతంగా ఉంచుకునేవారిపై నమోదు బాధ్యతను మోపింది. రిజర్వు అడవి నుంచి ఏ జీవినైనా పట్టి తేవడం నేరం. ఒకే అడవిలో, 100 చదరపు కిలోమీటర్ల లోపు మిగిలిన జాతిలో, గుడ్లతో ఉన్న ఒక ఆడ సాలీడును తొర్ర నుంచి లాగి తెస్తే, దానితో పాటు రాబోయే ఒక తరం కూడా ఆ అడవికి దూరమవుతుంది. పైగా ఈ ప్రజాతి సాలీడు కాటు మరణం తెచ్చేది కాకపోయినా, రోజుల తరబడి కండరాలు పట్టేసే తీవ్రమైన నొప్పిని కలిగిస్తుంది. చూడచక్కని రంగు కోసం తెలియక తెచ్చుకునేవారికి ఈ సంగతి ముందే తెలియడం మంచిది.

కాబట్టి చట్టబద్ధంగా, పెంపకంలోనే పుట్టిన టరాంటులాను ఇప్పటికే సంరక్షిస్తున్న వారు పరికరం కొనే ముందు థర్మామీటరు కొనాలి. ఒక సంవత్సరపు రుతువులన్నింటిలో తమ గది ఎలా ఉంటుందో అంకెలతో తెలుసుకోవాలి. ఆ అంకెలు అడిగితేనే వేడి ఇవ్వాలి, ఇచ్చినా ఒక పక్క నుంచే ఇవ్వాలి, తప్పుకునే చల్లని చోటును ఎన్నడూ మూయకూడదు. ఇంకా తెచ్చుకోని వారు, ముఖ్యంగా గుత్తి పేరు మోస్తున్న నీలి సాలీడును కోరుకునేవారు, నల్లమలలో దాని తొర్రచెట్టు నిలిచి ఉండేలా అటవీ శాఖకు, పరిశోధకులకు తోడ్పడటం ఆ జీవికి చేయగల ఎక్కువ మేలు. ఏ హీటరూ, ఏ థర్మోస్టాట్ కూడా ఒక ముదురు మాను చేసినంత నేర్పుగా ఆ సాలీడుకు వేడినీ, చల్లదనాన్నీ, తేమనూ సమకూర్చలేవు. ఆ మాను నరికితే తిరిగి ఎదగడానికి మనిషి ఆయుష్షు చాలదు.